లాంగ్ కోవిడ్ నిస్సత్తువ: పునరావాస చికిత్స

కోవిడ్-19 జ్వరం తగ్గి, పరీక్షలో వైరస్ కనిపించకుండా పోయాక కూడా కొందరిని నిస్సత్తువ నెలల తరబడి, ఏళ్ళ తరబడి వదలదు. లాంగ్ కోవిడ్ లక్షణాల్లో ఎక్కువమందిలో కనిపించేది ఇదే. దీన్ని తగ్గించి, మనిషిని ఇంటి పనుల్లోకి, వృత్తిలోకి, నలుగురి మధ్యకు వీలైనంత మేరకు తిరిగి చేర్చే ప్రయత్నాన్ని పునరావాస చికిత్స అంటారు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, శ్వాస శిక్షణ, నిద్ర గురించీ ఆహారం గురించీ సలహాలు, మానసిక సహాయం, ఉద్యోగంలో సర్దుబాట్లు ఇందులో భాగాలు.

లాంగ్ కోవిడ్ అలసట అందరిలో ఒకే రకంగా ఉండదు. వారాల తరబడి మంచాన ఉండి కండ కరిగిపోయినవారికి కొద్దికొద్దిగా పెంచే వ్యాయామం మేలు చేస్తుంది. కొద్దిపాటి శ్రమకే మర్నాడో మూడోనాడో జబ్బు తిరగబెట్టేవారికి అదే వ్యాయామం కీడు చేయవచ్చు. రోగిది ఏ రకం అలసటో తేల్చుకున్నాకే చికిత్స మొదలుపెట్టాలి. పరిశోధనలూ రోగుల అనుభవమూ కలిసి నేర్పిన ముఖ్యమైన పాఠం ఇది.

నిర్వచనం, విస్తృతి

స్వల్ప కోవిడ్ రెండు వారాల్లో తగ్గిపోతుందని 2020 మొదట్లో వైద్యులు భావించారు. తగ్గనివారు తమ పరిస్థితిని సామాజిక మాధ్యమాల్లో రాయడం మొదలుపెట్టారు. ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరెగో 2020 మేలో ట్విటర్‌లో వాడిన ‘లాంగ్ కోవిడ్’ అనే పేరు కొద్ది నెలల్లోనే వైద్య పత్రికల్లోకి చేరింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2020 డిసెంబరు పత్రంలో 12 వారాలు దాటి కొనసాగే లక్షణాలను కోవిడ్ అనంతర సిండ్రోమ్‌గా గుర్తించింది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం లక్షణాలు సాధారణంగా కోవిడ్ మొదలైన 3 నెలలకు కనబడాలి, కనీసం 2 నెలలు ఉండాలి, వాటికి మరో జబ్బు కారణం కాకూడదు. అలసట, ఆయాసం, ఆలోచనలో మాంద్యం ఇందులో ముఖ్య లక్షణాలు.

22 దేశాలకు చెందిన 12 లక్షల మంది సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2022లో ‘జామా’ పత్రికలో వచ్చింది. 2020, 2021 సంవత్సరాల్లో లక్షణాలతో కోవిడ్ వచ్చినవారిలో 6.2 శాతం మందికి మూడు నెలల తరువాత కూడా మూడు లక్షణ సమూహాల్లో కనీసం ఒకటి మిగిలి ఉందని అది అంచనా వేసింది. నిరంతర అలసటతో పాటు ఒళ్ళు నొప్పులో, మనసు స్థిమితం లేకపోవడమో ఉన్న సమూహం వాటా 3.2 శాతం. మూడు నెలలకు లక్షణాలున్నవారిలో సుమారు 15 శాతం మందికి ఏడాదికీ అవి తగ్గలేదు. స్త్రీలలో లాంగ్ కోవిడ్ ఎక్కువ. బ్రిటన్ గణాంక కార్యాలయం 2023 మార్చి నాటి లెక్క ప్రకారం అక్కడ 19 లక్షల మంది తమకు లాంగ్ కోవిడ్ ఉందని చెప్పారు. వారిలో 72 శాతం మంది ప్రస్తావించిన లక్షణం అలసట. ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన కోవిడ్ వచ్చినవారికి ముప్పు ఎక్కువే. అయితే ఇంటి దగ్గరే కోలుకున్నవారి సంఖ్య చాలా పెద్దది కాబట్టి లాంగ్ కోవిడ్ రోగుల్లో అత్యధికులు వారే. టీకా ఈ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు.

అలసట స్వరూపం

పొలం పనో ఆఫీసు పనో చేసి వచ్చినవాడి అలసట రాత్రి నిద్రతో తీరుతుంది. లాంగ్ కోవిడ్ అలసట నిద్ర లేచేసరికీ ఉంటుంది. స్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలు, కాసేపు పడుకోవాలనిపిస్తుంది. చదివిన పేరా బుర్రకెక్కదు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడితే తల తిరుగుతుంది. చూసేవారికి మనిషి బాగానే కనిపిస్తాడు, మామూలు రక్తపరీక్షలు సవ్యంగా వస్తాయి. దాంతో ఇంట్లోవాళ్ళు బద్ధకమనీ, పైఅధికారులు సాకులనీ అనుకోవడం ఈ రోగులకు ఎదురయ్యే పెద్ద కష్టం.

ఈ అలసటలో ప్రత్యేకంగా గుర్తించాల్సినది శ్రమ తరువాత జబ్బు తిరగబెట్టడం. వైద్య పరిభాషలో దీన్ని పీఈఎం అని క్లుప్తంగా పిలుస్తారు. శ్రమ చేస్తున్నప్పుడు రోగికి బాగానే ఉండవచ్చు. సాధారణంగా 12 నుంచి 48 గంటల తరువాత అలసట, ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, గొంతు నొప్పి, మతిమరుపు, నిద్రలేమి ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ స్థితి రోజుల నుంచి వారాల దాకా సాగవచ్చు. దీనికి కారణమయ్యే శ్రమ శరీరానిదే కానక్కరలేదు. పెళ్ళింట్లో ఒక పూట కూర్చోవడం, గంటసేపు వీడియో మీటింగ్, పిల్లల చదువు గురించి వాదన కూడా చాలు. శ్రమకూ ఫలితానికీ మధ్య రోజు తేడా ఉండడంతో రోగికి కూడా కారణం వెంటనే తట్టదు. రోగులే పరిశోధకులుగా ఏర్పడిన పేషెంట్-లెడ్ రీసెర్చ్ కొలాబొరేటివ్ అనే బృందం 56 దేశాలకు చెందిన 3,762 మందిని ప్రశ్నించి 2021లో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలల తరువాత ఎక్కువగా కనిపించినవి అలసట, పీఈఎం, ఆలోచనలో ఇబ్బంది.

కారణాలు

ఐసీయూలో ఉండి వచ్చినవారి నీరసానికి కారణాలు చాలామటుకు తెలిసినవే. కదలిక లేక కండ తరిగిపోవడం, స్టెరాయిడ్ల ప్రభావం, ఊపిరితిత్తుల్లో మచ్చలు, పోషకాహార లోపం, ఆసుపత్రి అనుభవం మిగిల్చిన భయం ఇందులో ఉంటాయి. ఇంటి దగ్గరే తగ్గినవారిలో వచ్చే లాంగ్ కోవిడ్‌కు కారణాలపై పరిశోధన ఇంకా సాగుతోంది. వైరస్ అవశేషాలు శరీరంలో ఉండిపోవడం, రోగనిరోధక వ్యవస్థ శాంతించకపోవడం, నిద్రాణంగా ఉన్న ఎప్‌స్టీన్-బార్ వంటి పాత వైరస్‌లు మేల్కొనడం, సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం, గుండె వేగాన్నీ రక్తపోటునూ మన ప్రమేయం లేకుండా నడిపే నాడీ వ్యవస్థ గతి తప్పడం వాటిలో ప్రధానమైన ప్రతిపాదనలు.

కండరంలోనే తేడా ఉందని చూపిన అధ్యయనం ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. పీఈఎం ఉన్న 25 మంది లాంగ్ కోవిడ్ రోగులకూ 21 మంది ఆరోగ్యవంతులకూ పరిశోధకులు పావుగంటకు మించని సైకిల్ పరీక్ష పెట్టారు. దానికి ముందూ, మర్నాడూ తొడ కండరం నుంచి బయాప్సీ తీశారు. రోగుల కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు శ్రమ తరువాత తగ్గింది, కండ కణజాలం దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. 2024 జనవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన ఈ ఫలితాలు, మర్నాడు లేవలేకపోతున్నామన్న రోగుల మాటకు శరీరంలో ఆధారం చూపించాయి. వ్యాయామం మానేయడం వల్లనే ఈ అలసట అన్న వాదన ఇటువంటి రోగుల విషయంలో చాలదని కూడా తేలింది.

పూర్వచరిత్ర

అంటురోగం వదిలాక అలసట మిగలడం కోవిడ్‌తో మొదలైనది కాదు. ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్, రాస్ రివర్ వైరస్, క్యూ జ్వరం సోకిన 253 మందిని పరిశోధకులు మొదటి నుంచీ అనుసరించారు. ఆరు నెలలకు 12 శాతం మందిలో అలసటతో కూడిన జబ్బు మిగిలి ఉంది. రోగి వయసు, మనస్తత్వం కన్నా తొలి జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే దీన్ని ఎక్కువగా నిర్ణయించిందని 2006లో ‘బీఎంజే’ వైద్య పత్రికలో వారు రాశారు. 2003 నాటి సార్స్ నుంచి బయటపడ్డ హాంకాంగ్ రోగుల్లో కూడా సుమారు నాలుగేళ్ళ తరువాత దీర్ఘకాలిక అలసట కనిపించింది. తెలుగునాట 2005-06లో చికున్‌గున్యా వచ్చినప్పుడు జ్వరం వారంలో పోయినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదలని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. జ్వరం తగ్గడంతో జబ్బు ముగియదన్న సంగతి ఇక్కడివారికి కొత్త కాదు.

పునరావాస చికిత్స ఎలా ఉండాలన్న చర్చకు మూలం ఎంఈ/సీఎఫ్ఎస్ అని పిలిచే దీర్ఘకాలిక అలసట జబ్బులో ఉంది. ఈ రోగులకు వ్యాయామాన్ని నిర్ణీత క్రమంలో పెంచుతూ పోయే పద్ధతి, ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్స (ఆలోచనా ప్రవర్తన చికిత్స) మేలు చేస్తాయని బ్రిటన్‌లో 641 మందితో జరిపిన పేస్ ట్రయల్ 2011లో ‘లాన్సెట్’లో ప్రకటించింది. కోలుకున్నారని తేల్చే కొలబద్దలను మధ్యలో మార్చారని రోగులూ కొందరు శాస్త్రవేత్తలూ అభ్యంతరం చెప్పారు. బ్రిటన్ సమాచార హక్కుల ట్రిబ్యునల్ ఆదేశంతో 2016లో ట్రయల్ సమాచారం బయటికి వచ్చాక ఆ విమర్శ బలపడింది. ఇంతలో కోవిడ్ వచ్చింది. ఆ పాత వ్యాయామ సలహాను కోవిడ్ తరువాతి అలసటకు వర్తింపజేయవద్దని నైస్ 2020 జులైలోనే హెచ్చరించింది. 2021 అక్టోబరులో ఎంఈ/సీఎఫ్ఎస్ మార్గదర్శకాలను తిరగరాసి, నిర్ణీత క్రమంలో వ్యాయామం పెంచే చికిత్సను సిఫారసుల నుంచి తొలగించింది. లాంగ్ కోవిడ్ రోగులందరికీ ఈ జబ్బు ఉండదు. అయితే కొందరిలో లక్షణాలు దాని నిర్వచనానికి పూర్తిగా సరిపోతాయి. అలాంటివారికి పాత పొరపాటు మళ్ళీ జరగకూడదు.

రోగిని అంచనా వేయడం

పునరావాసానికి ముందు, అలసటకు చికిత్స ఉన్న వేరే కారణాలు లేవని చూసుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, విటమిన్ బి12 లోపం, నిద్రలో శ్వాస ఆగడం, గుండె కండరం వాపు, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రక్తం, డిప్రెషన్ వంటివాటిని లక్షణాలను బట్టి పరీక్షించాలి. మన దగ్గర క్షయను కూడా మరవకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది సగానికి పైగానే. కోవిడ్ తరువాత నీరసమంటూ వచ్చిన మహిళకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయకుండా లాంగ్ కోవిడ్ అని ముద్రవేయడం ఆమెకు అన్యాయం చేయడమే.

తరువాత అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ‘పని చేసిన మర్నాడు, ఆ మర్నాడు మీకు ఎలా ఉంటుంది?’ పీఈఎంను పట్టుకోవడానికి డిపాల్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ప్రశ్నావళి ఉంది. అలసట తీవ్రతను కొలవడానికి 9 ప్రశ్నల ఫటీగ్ సివియారిటీ స్కేల్, 11 ప్రశ్నల చాల్డర్ స్కేల్ వాడుకలో ఉన్నాయి. ఒకటి రెండు వారాలు రోజువారీ పనులు, విశ్రాంతి, లక్షణాలు రాసుకునే డైరీ అన్నిటికన్నా చౌకైన సాధనం. చదువురానివారికి ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు.

పది నిమిషాల నిలుచునే పరీక్ష కూడా అవసరం. పడుకున్నప్పటి నాడిని లెక్కపెట్టి, లేచి నిలబడ్డాక పది నిమిషాల్లో అది నిమిషానికి 30 లేదా అంతకు మించి పెరిగితే, రక్తపోటు పడిపోకుండానే తలతిరుగుడు, గుండెదడ వంటి లక్షణాలు ఉంటే పాట్స్ అనే స్థితిని అనుమానించాలి. 12-19 ఏళ్ళవారికి ఆ హద్దు 40. ఒక నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసే పరీక్ష ఇంకొకటి. ఆ సమయంలో ఆక్సిజన్ స్థాయి 3 శాతం లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే ఊపిరితిత్తులను, గుండెను లోతుగా పరీక్షించాలి. పీఈఎం ఉన్నవారికి ఈ పరీక్షలే శ్రమ కాబట్టి అన్నీ ఒకే రోజు పెట్టకూడదు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, హఠాత్తుగా పెరిగిన ఆయాసం, ఒక కాలికే వచ్చిన వాపు ఉంటే పునరావాసం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వదలని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే వాటి కారణాన్ని ముందు వెతకాలి.

చికిత్సా పద్ధతులు

పేసింగ్. పీఈఎం ఉన్నవారికి ఇది మూలచికిత్స. నెలాఖరు దాకా జీతం సరిపోయేలా ఇంటి ఖర్చు చూసుకున్నట్టే ఉన్న శక్తిని పనులకు పంచుకోవడం ఇందులో అసలు సంగతి. డిపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియొనార్డ్ జేసన్ ఎంఈ/సీఎఫ్ఎస్ రోగులతో చేసిన పరిశోధనల్లో శక్తి పరిధి అనే భావనకు రూపమిచ్చారు. రోగి ముందు తనను మర్నాడు పడగొట్టని పని పరిమాణం ఎంతో తెలుసుకోవాలి. దానికి లోబడి పనులను ముక్కలు చేసుకోవాలి. అలసట రాకముందే ఆగాలి. కాస్త బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ఒక్కసారి చేసి, తరువాత వారం మంచాన పడడం ఈ జబ్బులో అతిసాధారణంగా జరిగే నష్టం. అందుకే బాగున్న రోజున కూడా హద్దు దాటకపోవడం నేర్చుకోవాలి. కొందరు నాడీవేగాన్ని కొలిచే చేతి పట్టీలు వాడతారు. విశ్రాంతిలో ఉన్న నాడీవేగానికి 15 కలిపిన అంకెను తొలి హద్దుగా పెట్టుకోవడం వారిలో ఉన్న ఒక అలవాటు. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు.

శక్తి పొదుపు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంటిని, పనిని చూసి తేలిక మార్గాలు చెబుతారు. పీట మీదో ప్లాస్టిక్ కుర్చీలోనో కూర్చుని స్నానం చేయడం, నిలబడి చేసే కూరగాయల తరుగుడు కూర్చుని చేయడం, బట్టలను ఒకేరోజు ఉతక్కుండా విడతలుగా ఉతకడం, రోజూ వాడే గిన్నెలను నడుము ఎత్తులో పెట్టుకోవడం, మేడ ఎక్కి దిగడం రోజుకు ఒకసారికి పరిమితం చేయడం ఇందులోవి. ఏ పని తప్పనిసరి, ఏది వాయిదా వేయవచ్చు, ఏది మరొకరికి అప్పగించవచ్చు అన్న వరుస రాసుకోవాలి. మన ఇళ్ళలో వంట, నీళ్ళు, పిల్లలు, పెద్దల సేవ స్త్రీల మీదే పడతాయి. ఆ పనుల్లో కొన్నిటిని భర్త, అత్తగారు, ఎదిగిన పిల్లలు పంచుకోకుండా ఆమెకు విశ్రాంతి తీసుకోమని చెప్పడం వట్టి మాట. అందుకే సలహా చెప్పేటప్పుడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాలి.

వ్యాయామం. పీఈఎం లేదని నిర్ధారించుకున్నవారికి, ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి వచ్చినవారికి, ఇది చికిత్సలో ప్రధాన భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం రోగుల కోసం ప్రచురించిన చిన్న పుస్తకంలో ఐదు దశలున్నాయి. శ్వాస అదుపు, తేలికపాటి సాగదీతలతో మొదలై నెమ్మది నడక, వేగమైన నడక, మెట్లు, చివరికి పూర్వపు వ్యాయామం దాకా వెళ్తాయి. శ్రమ ఎంతగా అనిపిస్తోందో 0 నుంచి 10 దాకా చెప్పే బోర్గ్ కొలబద్దతో ప్రతి దశకూ హద్దు పెట్టారు. ఒక్కో దశలో కనీసం 7 రోజులు ఉండాలి, లక్షణాలు పెరిగితే కింది దశకు దిగాలి. కండబలం పెంచే వ్యాయామాలకు నీళ్ళు నింపిన సీసాలు, సాగే రబ్బరు పట్టీలు చాలు. ప్రపంచ ఫిజియోథెరపిస్టుల సమాఖ్య 2021 జూన్ పత్రంలో, ఏ వ్యాయామమైనా సూచించే ముందు పీఈఎం, గుండె సమస్య, ఆక్సిజన్ పడిపోవడం, పాట్స్ వంటివి ఉన్నాయేమో చూడాలని చెప్పింది. యోగా కూడా శరీరానికి శ్రమేనని మరిచిపోకూడదు. పీఈఎం ఉన్నవారు సూర్యనమస్కారాలు, వేగంగా ఊపిరి వదిలే కపాలభాతి వంటివాటి జోలికి పోకుండా పడుకునో కూర్చునో చేసే నెమ్మది శ్వాసతో ఆగడం మేలు.

నిలబడితే వచ్చే ఇబ్బందికి. పాట్స్ ఉన్నవారికి నీళ్ళు ఎక్కువగా తాగడం, డాక్టరు సలహాతో ఉప్పు పెంచడం, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు, మెల్లగా లేవడం ఉపకరిస్తాయి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ మన ఇళ్ళలో తేలిగ్గా దొరికేవే. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు సొంతంగా ఉప్పు పెంచకూడదు. పీఈఎం లేనివారికి పడుకుని, కూర్చుని చేసే వ్యాయామాలతో మొదలుపెడతారు.

శ్వాస శిక్షణ. కోవిడ్ తరువాత చాలామంది పైపైన, వేగంగా, నోటితో ఊపిరి తీసే అలవాటులో పడతారు. పొట్ట కదిలేలా ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, పెదవులు బిగించి మెల్లగా వదలడం, ఆయాసం వచ్చినప్పుడు ముందుకు వంగి మోచేతులను తొడల మీదో బల్ల మీదో ఆనించడం నేర్పుతారు. ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ హెల్త్‌కేర్ ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్ట్ కలిసి పాట ఆధారంగా ఆరు వారాల ఆన్‌లైన్ శ్వాస శిక్షణ రూపొందించాయి. 150 మందితో జరిపిన ట్రయల్‌లో అది మానసిక ఆరోగ్యానికి సంబంధించిన జీవన నాణ్యతను కొంత మెరుగుపరిచిందని 2022లో తేలింది.

ఆలోచన, నిద్ర, ఆహారం, మనసు. మతిమరుపుకు ఫోన్ అలారాలు, రాసిపెట్టుకున్న జాబితాలు, ఒకసారికి ఒకే పని, శబ్దం తక్కువున్న గది సాయపడతాయి. రోజూ ఒకే వేళకు పడుకోవడం, సాయంత్రం తరువాత కాఫీ, టీ మానడం నిద్రకు మేలు. కండ తిరిగి పట్టడానికి పప్పు, గుడ్లు, పాలు, చేపలు, వేరుశనగ వంటి మాంసకృత్తుల ఆహారం కావాలి. ఆత్మీయులను కోల్పోయిన దుఃఖం, ఐసీయూ భయాలు, ఆదాయం పోయిన బెంగ ఉన్నవారికి మానసిక సహాయం తప్పనిసరి. ఆ సహాయం ఇవ్వడమంటే జబ్బు మనసులోనే ఉందని చెప్పడం కాదని రోగికి స్పష్టంగా తెలియాలి.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వచ్చి మూడు నెలలు దాటినా కోలుకోని 585 మందితో బ్రిటన్‌లో రీగెయిన్ ట్రయల్ జరిగింది. ఎనిమిది వారాల పాటు ఆన్‌లైన్‌లో బృందంగా సాగిన శారీరక, మానసిక పునరావాసం జీవన నాణ్యతను మెరుగుపరిచిందని, ఆ మేలు ఏడాదికీ నిలిచిందని 2024 ఫిబ్రవరిలో ‘బీఎంజే’ ప్రచురించింది. సగటు మేలు చిన్నదే. నెదర్లాండ్స్‌లో 114 మందితో జరిగిన రికవర్ ట్రయల్‌లో ఆలోచనా ప్రవర్తన చికిత్స అలసట తీవ్రతను తగ్గించింది. అక్కడ కొలిచింది రోగులు స్వయంగా చెప్పిన అలసటనే. ఏ చికిత్స తీసుకుంటున్నారో రోగులకు తెలిసే ఉంటుంది కాబట్టి ఇటువంటి ఫలితాలను చదివేటప్పుడు ఆ పరిమితిని గుర్తుపెట్టుకోవాలి.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు ఆసుపత్రిలో చేరని 31 మంది రోగులతో మూడు రకాల వ్యాయామాలను ఒక్కొక్కసారి చేయించి చూశారు. 48 గంటల తరువాత సగటున అలసట పెద్దగా పెరగలేదని 2024లో రాశారు. ఆమ్‌స్టర్‌డామ్ ఫలితం పక్కన దీన్ని పెట్టి చూస్తే రోగులను వేర్వేరు కోవలుగా చూడాల్సిన అవసరం మరింత తెలుస్తుంది. సగటు అందరికీ బాగుందని చెప్పినా, దాని కింద కొందరికి మేలు, కొందరికి కీడు ఉండవచ్చు. 24 ట్రయల్స్‌ను, 3,695 మంది రోగులను కలిపి పరిశీలించిన సమీక్ష ఒకటి 2024 నవంబరులో ‘బీఎంజే’లో వచ్చింది. ఆన్‌లైన్ ఆలోచనా ప్రవర్తన చికిత్సకు, పర్యవేక్షణలో సాగే శారీరక, మానసిక పునరావాసానికి మధ్యస్థ స్థాయి ఆధారం ఉందని అది తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబరు మార్గదర్శకాలు పీఈఎం ఉన్నవారికి శక్తి పొదుపు, పేసింగ్ నేర్పాలని సూచించాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల రికవర్ అనే వేరే కార్యక్రమంలో పీఈఎం ఉన్నవారికి క్రమబద్ధమైన పేసింగ్‌నూ, శ్రమ తట్టుకోలేని ఇతరులకు గుండె-ఊపిరితిత్తుల పునరావాసాన్నీ వేర్వేరుగా పరీక్షించే ట్రయల్ చేపట్టారు.

ఈ అలసటను తగ్గించే మందు ఏదీ ఇంకా నిర్ధారణ కాలేదు. స్టాన్‌ఫర్డ్‌లో 155 మందికి పాక్స్‌లోవిడ్‌ను 15 రోజులు ఇచ్చి చూసిన ట్రయల్ అలసటలో మేలు చూపలేదని 2024లో ప్రకటించారు. అందుకే సరైన పునరావాసం ప్రాధాన్యం ఇంకా పెరుగుతోంది.

ఉద్యోగం, హక్కులు

పనిలోకి తిరిగి చేరడం కూడా చికిత్సలో భాగమే. మొదట వారానికి కొన్ని పూటలు, తరువాత మెల్లగా పెంచడం, మధ్యలో పడుకోవడానికి చోటు, ఇంటి నుంచి పని, నిలబడే పనికి బదులు కూర్చునే పని వంటి సర్దుబాట్లు చాలామందిని ఉద్యోగంలో నిలబెడతాయి. లాంగ్ కోవిడ్‌ను పరిస్థితిని బట్టి వైకల్యంగా పరిగణించవచ్చని అమెరికా ప్రభుత్వం 2021 జులైలో స్పష్టం చేసింది. భారతదేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఇది లేదు. రోజుకూలీకి, ఆటో డ్రైవరుకు, ఇళ్ళలో పనిచేసే మహిళకు పేసింగ్ అంటే ఆ పూట ఆదాయం వదులుకోవడం. వారి విషయంలో పునరావాసం ఆర్థిక సాయంతో కలిసి నడవాలి.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

కేంద్ర ఆరోగ్య శాఖ 2020 సెప్టెంబరులో కోవిడ్ అనంతర సంరక్షణ ప్రోటోకాల్ విడుదల చేసింది. తగినంత నిద్ర, ఆహారం, నడక, యోగాసనాలు, ప్రాణాయామం, ఆయుష్ ఔషధాలు, ఇంటి దగ్గర రక్తపోటు, చక్కెర, ఆక్సిజన్ చూసుకోవడం అందులో ఉన్నాయి. తట్టుకోగలిగినంతే నడవాలన్న జాగ్రత్త అందులో ఉన్నా, శ్రమ తరువాత జబ్బు తిరగబెట్టే రోగిని ఎలా గుర్తించాలో ఆ తొలి పత్రం చెప్పలేదు. 2021లో మరింత విస్తృతమైన జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు సహా అనుబంధ ఆరోగ్య వృత్తులను క్రమబద్ధం చేసే జాతీయ చట్టం అదే సంవత్సరం అమల్లోకి వచ్చింది. ఈ వృత్తులవారు పట్టణాల్లో ఎక్కువగా, పల్లెల్లో తక్కువగా ఉండడం పెద్ద లోటు.

పేసింగ్ నేర్పడానికి యంత్రాలు అవసరం లేదు. రోగి మాట నమ్మి వినేవారు, డైరీ చూసి హద్దు చెప్పేవారు ఉంటే చాలు. జాతీయ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. ప్రయాణమే శ్రమగా మారిన రోగికి ఇంటి నుంచే డాక్టరును సంప్రదించే వీలు ఎంతో విలువైనది. గడపగడపకూ వెళ్ళే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ‘పని చేసిన మర్నాడు ఎలా ఉంటుంది’ అన్న ఒక్క ప్రశ్న అడగడం నేర్పితే, తప్పు వ్యాయామం వల్ల మంచాన పడేవారి సంఖ్య తగ్గుతుంది.

గమనం

చాలామంది నెలల్లోనో ఏడాది రెండేళ్ళలోనో మెరుగవుతారు. కొందరు పూర్తిగా కోలుకోరు. కోలుకోవడం ఒకే గతిలో సాగదు. బాగున్న వారాల మధ్య జబ్బు తిరగబెట్టే రోజులు వస్తాయి, మళ్ళీ కోవిడ్ సోకితే లక్షణాలు పెరగవచ్చు. కాబట్టి టీకాలు, రద్దీలో మాస్క్ ఈ రోగులకు ఇప్పటికీ అవసరం. చికిత్స ఫలితాన్ని ఎంత దూరం నడిచారన్న దానితో కొలవడం చాలదు. వారంలో ఎన్ని రోజులు జబ్బు తిరగబెట్టకుండా గడిచాయి, సొంత పనులు ఎన్ని చేసుకోగలిగారు, ఇంట్లోవారితో ఎంతసేపు కూర్చోగలిగారు అన్నవి సరైన కొలతలు. ఆ కొలతలతో చూస్తే, పీఈఎం ఉన్న రోగి విషయంలో వ్యాయామ పట్టికను పక్కనపెట్టి విశ్రాంతిని లెక్కగా నేర్పిన చికిత్సకుడు కూడా పూర్తి స్థాయి చికిత్స చేసినట్టే.